పెద్దమ్మ డెస్క్‌టాప్‌లో నిజంగా నిండిందేంటి? పెరంబూరు ప్రాజెక్టు డైరీ

శనివారం: ముందు కొలతలు

చెన్నై పెరంబూరులో ఉండే మా పెద్దమ్మ తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయ్యింది. ఇప్పుడు సాయంత్రాలు ఇంటి నుంచే వీడియో క్లాసు పెట్టి పిల్లలకు తెలుగు చదవడం, రాయడం నేర్పుతోంది. తమిళనాడులో 2006 నాటి చట్టంతో బడుల్లో పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయింది. ఇక్కడి తెలుగు ఇళ్లలో చాలామంది పిల్లలు తెలుగు మాట్లాడతారు కానీ అక్షరాలు రావు. అందుకే ఈ క్లాసు ఆగకూడదని నాకు గట్టిగా ఉంది. దాన్ని ఆపేస్తున్నది కంప్యూటరు.

క్లాసు మొదలైన కాసేపటికే పెద్దమ్మ మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందట. ఒత్తు అక్షరం టైపు చేస్తే అది తెరమీద కనబడేసరికి పిల్లలు మరో మాటలోకి వెళ్లిపోతున్నారు. ఒక్కోసారి మౌస్ బాణం కూడా కదలకుండా బిగుసుకుపోతోంది. ఇంట్లో అందరిదీ ఒకటే మాట: కొత్తది కొనెయ్. దగ్గర్లోని షాపులో అడిగితే ర్యామ్ వేస్తే చాలన్నారు. రెండూ కొలవకుండా చెప్పిన మాటలే. ఏది తక్కువైందో తెలియకుండా డబ్బు పెట్టడం నాకిష్టం లేదు.

మెషీన్ 2012లో అసెంబుల్ చేయించింది. ఇంటెల్ కోర్ ఐ3-2120 ప్రాసెసరు, 3.3 గిగాహెర్ట్జ్. కోర్లు రెండే అయినా ఒక్కో కోరు రెండేసి థ్రెడ్లు (పని వరుసలు) నడుపుతుంది కాబట్టి సిస్టమ్‌కి నాలుగుగా కనబడతాయి. హెచ్61 మదర్‌బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ ఒకే స్టిక్కు, 500 జీబీ హార్డ్‌డిస్క్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. విండోస్ 7తో వచ్చింది, తర్వాత 10 ఎక్కించారు.

మూత విప్పకముందే అంకెలు రాసుకోవాలనుకున్నా. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచా. స్విచ్ వేశాక పది నిమిషాలు ఏమీ ముట్టుకోకుండా వదిలేసినా డిస్క్ 100 శాతం బిజీగానే ఉంది. మెమరీ 81 శాతం. సీపీయూ మాత్రం 15 నుంచి 25 మధ్య తిరుగుతోంది. అంటే ప్రాసెసరు చాలావరకు ఊరికే కూర్చుని ఎవరి కోసమో ఎదురుచూస్తోంది.

ఇక్కడ ఒక అంకె దగ్గర ఆగాలి. డిస్క్ 100 శాతం అంటున్నప్పుడు దాని కింద చదివే వేగం ఎంతుందో చూశా. సెకనుకి 1 ఎంబీ కూడా లేదు. అదే డిస్కులో ఒక పెద్ద వీడియో ఫైలు కాపీ చేస్తే 100 ఎంబీ దాటుతోంది. రెండూ నిజమే. ఈ డిస్క్ నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకి 120. ఒక్క చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు. కావాల్సిన చోటు డిస్కుని చదివే తల కిందికి వచ్చేదాకా సగటున సగం చుట్టు ఆగాలి, అది 4 మిల్లీసెకన్లకు పైమాటే. దానికి ముందు తల ఆ ట్రాకు మీదికి జరగడానికి ఇంకో ఎనిమిదో తొమ్మిదో. వెరసి ఒక్కో చిన్న ముక్కకి 12, 13 మిల్లీసెకన్లు. సెకనుకి 80 ముక్కలు చదివితే గొప్ప. ముక్క 4 కేబీ అయితే మొత్తం 300 కేబీ చిల్లర. పని ఒక వరుసలో ఉంటే డిస్క్ పరుగెత్తుతుంది. చెల్లాచెదురుగా ఉంటే రోజంతా తిరిగినా ఇంతే.

మరి చెల్లాచెదురుగా అడుగుతున్నదెవరు? టాస్క్ మేనేజర్ నుంచే రిసోర్స్ మానిటర్ తెరిచి మెమరీ ట్యాబులోకి వెళ్తే హార్డ్ ఫాల్ట్స్ అని ఒక వరుస ఉంటుంది. ప్రోగ్రాముకి కావాల్సింది ర్యామ్‌లో లేక డిస్క్ నుంచి తెచ్చుకున్న ప్రతిసారీ అక్కడ లెక్క పెరుగుతుంది. వీడియో క్లాసు, పాఠం పీడీఎఫ్ రెండూ తెరవగానే అది సెకనుకి వందల్లోకి వెళ్లింది. టాస్క్ మేనేజర్‌లో కమిటెడ్ మెమరీ, అంటే ప్రోగ్రాములన్నీ కలిసి అడిగినది, 6 జీబీ దాటింది. ఉన్న ర్యామ్ 4, అందులో కొంత గ్రాఫిక్స్ తీసేసుకుంటుంది. అందులో పట్టనిది పేజ్‌ఫైల్ పేరుతో ఆ డిస్క్ మీదికే పోతోంది. ఎర్రగా కనబడుతున్నది డిస్క్, చాలనిది ర్యామ్. పాత కంప్యూటర్ల దగ్గర ఈ ముడి చాలా మామూలు. టాస్క్ మేనేజర్‌లో ఎర్రగా ఉన్న గడి ఒక్కటే చూసి నిర్ణయం తీసుకోకూడదని నేననేది ఇందుకే.

శనివారం రాత్రి: డిస్క్ ఆరోగ్యం

ర్యామ్ తక్కువైతే స్లో అవుతుంది. కానీ మౌస్ బాణం సహా అంతా ఆగిపోవడానికి అదొక్కటే సరిపోదనిపించింది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే టూల్ పెట్టి స్మార్ట్ వివరాలు, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే అంకెలు, చూశా. పసుపు రంగులో జాగ్రత్త అని చూపించింది. డిస్క్ 21 వేల గంటలు నడిచింది, అది పెద్ద సంగతి కాదు. సంగతి 197వ నంబరు దగ్గర ఉంది: కరెంట్ పెండింగ్ సెక్టర్లు 16. అంటే 16 చోట్ల రాసినదాన్ని డిస్క్ ఇప్పుడు చదవలేకపోతోంది. అలాంటి చోటు తగిలినప్పుడల్లా వదలకుండా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, ఆ కాసేపూ దాన్ని అడిగిన ప్రోగ్రాములన్నీ నిలబడిపోతాయి. బిగుసుకుపోవడానికి కారణం ఇది. 5వ నంబరు, రీఅలొకేటెడ్ సెక్టర్లు (పాడయ్యాయని వేరే చోటుకి మార్చినవి), ఇంకా తక్కువే ఉంది. డేటా దారిలో వచ్చిన తప్పులు లెక్కపెట్టే 199వ నంబరు సున్నా కాబట్టి కేబుల్ మీద అనుమానం అక్కర్లేదు.

ఈ అంకె చూశాక మిగతావన్నీ పక్కనపెట్టి బ్యాకప్ తీశా. పెద్దమ్మ స్కాన్ చేసుకున్న పాత వాచకాలు, పద్యాలు చదివి రికార్డు చేసిన ఆడియోలు, పిల్లల చేతిరాత ఫొటోలు అన్నీ బయటి డ్రైవులోకి వెళ్లాయి. రెండు ఆడియో ఫైళ్లు మొరాయించాయి. ఒకటి చాలాసేపటికి వచ్చింది, రెండోది రాలేదు. "పోనీలే నాన్నా, దాన్ని మళ్లీ చదువుతాను" అంది పెద్దమ్మ. పెండింగ్ సెక్టర్లు కనబడ్డ డిస్క్ మీద డీఫ్రాగ్ (ముక్కలైన ఫైళ్లని ఒకచోట చేర్చే పని) లాంటివి నడపకండి. ముందు ఫైళ్లు బయటికి రావాలి.

ఆదివారం: మూత విప్పాం

క్యాబినెట్ పక్క రేకు తీయగానే తెలిసింది, చాలా ఏళ్లుగా ఎవరూ తెరవలేదు. వంటింటి పొగ, వీధి దుమ్ము, సముద్రపు తేమ మూడూ కలిసి ప్రాసెసరు ఫ్యాను కింద దట్టమైన పొరగా పేరుకున్నాయి. వేడిని లాగే హీట్‌సింక్ రెక్కల మధ్య గాలి పోయే సందే లేదు.

తీయకముందు హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే టూల్‌లో ప్రాసెసరు వేడి చూసి రాసుకున్నా. వీడియో క్లాసు నడిపితే 94 డిగ్రీలు. ఈ ఐ3కి టర్బో (అవసరమైతే వేగం పెంచుకునే సౌకర్యం) లేదు, కాబట్టి పని మీదున్నప్పుడు 3.3 గిగాహెర్ట్జ్ దగ్గరే నిలకడగా ఉండాలి. ఊరికే ఉన్నప్పుడు 1.6కి దిగడం మామూలే. పూర్తి లోడులో ఉండగా 3.3 కంటే కిందికి జారుతుంటే అది వేడికి భయపడి తనంతట తాను తగ్గుతున్నట్టు. ఇక్కడ జారుతోంది. కొత్త ర్యామ్ వేసినా ఈ నష్టం పోదు.

ఇంటెల్ కూలరు నాలుగు ప్లాస్టిక్ పిన్నుల మీద నిలబడుతుంది. ఒక్కోదాన్ని దాని మీదున్న బాణం వైపు పావు చుట్టు తిప్పి పైకి లాగాలి. కింద, ప్రాసెసరు వేడిని కూలరుకి చేరవేసే పాత పేస్టు సున్నంలా ఎండి రాలిపోతోంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో ప్రాసెసరు పైభాగం, కూలరు అడుగుభాగం తుడిచి, మధ్యలో కొత్త థర్మల్ పేస్టు కొంచెం పెట్టా. తిరిగి బిగించేటప్పుడు ఎదురెదురు పిన్నులు నొక్కాలి, వరుసగా కాదు. బోర్డు వెనక నుంచి చూసి నాలుగు పిన్నులూ పూర్తిగా అవతలికి వచ్చాయో లేదో తప్పకుండా చూడండి. ఒక్కటి సగంలో ఆగినా కూలరు ఒక పక్కకి ఎత్తుకుని ఉంటుంది.

ర్యామ్ స్టిక్కు బంగారు రంగు కాళ్లు తేమకి మసకబారితే రబ్బరుతో మెల్లగా రుద్ది పొడి గుడ్డతో తుడిచా. బోర్డు మీది సీఆర్2032 బటన్ సెల్ కూడా మార్చా. 3 వోల్టులు ఉండాల్సింది 2.4 చూపిస్తోంది. పెద్దమ్మ రోజూ పొద్దున స్విచ్ వేయగానే తేదీ, టైము చేత్తో సరిచేసుకుంటోందని అప్పుడు తెలిసింది. చేయకపోతే ఏ వెబ్‌సైటూ తెరుచుకోదని ఆవిడకి అలవాటుగా తెలుసు. కారణం ఇది: సైట్ల భద్రతా సర్టిఫికెట్లకి మొదలు తేదీ, చివరి తేదీ ఉంటాయి. కంప్యూటరు తాను వెనకటి ఏడాదిలో ఉన్నాననుకుంటే ఆ సర్టిఫికెట్లు చెల్లవని బ్రౌజరు ఆపేస్తుంది. చిన్న సెల్లుతో పోయే ఇబ్బందిని ఆవిడ ఎన్నాళ్లు మోసిందో.

మూత వేసి అదే క్లాసు నడిపితే 66 డిగ్రీలు. ప్రాసెసరు వేగం 3.3 దగ్గర కదలకుండా ఉంది. సెల్లు, పేస్టు తప్ప ఇంకా ఏ పార్టూ కొనలేదు.

మంగళవారం: రిచీ స్ట్రీట్

పెరంబూరులో లోకల్ ఎక్కి సెంట్రల్‌లో దిగితే, అక్కడి నుంచి మెట్రోలో తర్వాతి స్టేషనే గవర్నమెంట్ ఎస్టేట్. మౌంట్ రోడ్డు పక్కనే రిచీ స్ట్రీట్. పాత మెషీన్లు బాగుచేసుకునేవాళ్లకి ఈ సందులు ఇప్పటికీ పెద్ద ఆసరా. పదేళ్ల నాటి బోర్డుకి సరిపోయే సామాను మొహం చిట్లించకుండా తీసి చూపిస్తారు.

కావాల్సినవి రెండే: ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ బదులు చిప్పుల్లో దాచే డ్రైవు), ఇంకో 4 జీబీ ర్యామ్.

హెచ్61 బోర్డులో ఇంకా వేగమైన ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీకి స్లాటు ఉండదు, డిస్కుని బోర్డుకి కలిపే సాటా కూడా సెకనుకి 3 గిగాబిట్ల రకమే. డబ్బా మీద 550 ఎంబీ వేగమని రాసినా ఈ బోర్డు మీద 270 దగ్గర ఆగుతుంది. కాబట్టి ఖరీదైన వేగం కోసం అదనంగా పెట్టిన ప్రతి రూపాయీ వృథా. మనకి కావాల్సింది ఆ వేగం కాదు కూడా. తిరిగే పళ్లెం, జరిగే తల ఏవీ లేవు కాబట్టి చెల్లాచెదురు ముక్కలు వేలల్లో చదవగలదు. అసలు తేడా అక్కడే. వారంటీ ఉన్న బ్రాండులో 240 జీబీది తీసుకున్నా.

ర్యామ్ దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. ఈ ప్రాసెసరు డీడీఆర్3ని 1333 వేగంతో నడుపుతుంది. 1600 స్టిక్కు వేసినా 1333లోనే పనిచేస్తుంది, నష్టం లేదు. ల్యాప్‌టాప్ స్టిక్కు పొట్టిగా ఉంటుంది, పట్టదు. మార్కెట్లో చవగ్గా దొరికే కొన్ని స్టిక్కులు ఏఎండీ బోర్డుల్లోనే పనిచేసే రకం. ఇంటెల్ బోర్డులో పెడితే తెర నల్లగానే ఉండిపోతుంది. అందుకే పాత స్టిక్కు వెంట తీసుకెళ్లి, అలాంటి చిప్పులే ఉన్నది చూసి, మారుస్తామని బిల్లు మీద రాయించుకున్నా. రెండో స్లాటులో రెండోది పడితే ఇంకో లాభం ఉంది: రెండు స్టిక్కులూ కలిసి డ్యూయల్ చానల్‌లో, అంటే ఒకేసారి రెండు దారుల్లో, నడుస్తాయి. విడి గ్రాఫిక్స్ కార్డు లేని మెషీన్లో తెరకి కావాల్సిన మెమరీ కూడా ర్యామ్ నుంచే వెళ్తుంది కాబట్టి ఇది పనికొస్తుంది.

బుధవారం: విండోసా, లినక్సా

విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరు కావాలి. మనది రెండో తరం. అడ్డదారిలో ఎక్కించే పద్ధతులున్నాయి కానీ, పెద్దమ్మ బ్యాంకు పని కూడా చూసుకునే మెషీన్లో నేను ఆ పని చెయ్యను.

విండోస్ బదులు వాడుకునే లినక్స్ మింట్ 22, అందులో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ రకం ఎంచుకున్నా. 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి, మెమరీ తక్కువ తింటుంది. ఎక్కించకముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి ప్రింటరు, వెబ్‌క్యామ్, మైకు మూడూ పెద్దమ్మ చేతే వాడించా. "తెలుగు టైపింగు ఇలాగే ఉంటుందా?" అన్నదొక్కటే ఆవిడ అడిగింది. ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక అక్షరాల అమరిక) కీబోర్డు అలవాటు ఆవిడకి, కీల మీద స్టిక్కర్లు కూడా అంటించుకుంది. మింట్‌లో కీబోర్డు లేఅవుట్లలో తెలుగు చేర్చి ఇచ్చా. ఒక పద్యం పొల్లు పోకుండా కొట్టి "ఇది చాలు" అంది.

బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల్లో) సాటా మోడ్ ఐడీఈ అనే పాత పద్ధతిలో ఉంది. దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చి ఆ తర్వాతే ఇన్‌స్టాల్ చేశా. ఇప్పటికే విండోస్ ఉన్న డిస్కుతో ఇది నేరుగా మారిస్తే బూట్ అవ్వకపోవచ్చు, కొత్తగా ఎక్కించేటప్పుడు అయితే ఇబ్బంది లేదు. పాత హార్డ్‌డిస్క్ కేబుల్ పీకేసి పక్కన పెట్టాం.

గురువారం: కొత్త అంకెలు

టెర్మినల్‌లో ఫ్రీ కమాండు ఇస్తే మొత్తం 7.6 జీబీ. డెస్క్‌టాప్ వచ్చాక వాడుతున్నది 900 ఎంబీ చిల్లర. గంటసేపు పనిచేశాక పెద్దమ్మ ఆ పట్టికే చూసి గాభరాపడింది, ఫ్రీ అన్న గడిలో 350 ఎంబీయే ఉందని. ఆ గడి చూడనక్కర్లేదు. ఖాళీగా పడున్న ర్యామ్‌ని లినక్స్ ఇంతకుముందు చదివిన ఫైళ్లు దాచుకోవడానికి వాడుకుంటుంది, ఎవరైనా అడిగితే వెంటనే వదిలేస్తుంది. చివరనున్న అవైలబుల్ గడి చూడాలి. 2014లో వచ్చిన 3.14 కెర్నెల్ (లినక్స్ గుండెకాయ లాంటి ప్రోగ్రాము) నుంచి ఈ లెక్కని కెర్నెలే వేసి చెబుతోంది. అందులో 5 జీబీ పైన ఉంది. టెన్షన్ ఏమీ లేదు.

లోడ్ యావరేజ్ (నడుస్తున్న, వంతు కోసం ఆగిన పనుల సగటు లెక్క) గురించి కూడా చెప్పాలి, దీన్ని చాలామంది సీపీయూ శాతం అనుకుంటారు. నాలుగు థ్రెడ్లున్న ఈ మెషీన్లో 4 దాకా వెళ్తే ప్రాసెసరు నిండినట్టని ఒక అంచనా. కానీ లినక్స్‌లో డిస్క్ కోసం ఆగిన పనులు కూడా ఆ లెక్కలోకి వస్తాయి. లోడ్ 6 ఉండి సీపీయూ ఖాళీగా కనబడితే డిస్క్ దగ్గర క్యూ ఉన్నట్టు. టాప్ కమాండు ఇచ్చి పైన డబ్ల్యూఏ (డిస్క్ కోసం ఆగిన సమయం శాతం) అన్న అంకె చూస్తే అది తేలిపోతుంది. పెన్‌డ్రైవ్ నుంచి నడిపి పాత డిస్క్ ఫైళ్లు తెరిచినప్పుడు అది 40 దాటింది. ఇప్పుడు ఒకటి, సున్నా.

జడ్‌ర్యామ్ పెట్టాలా అని ఆలోచించి పెట్టా. ర్యామ్‌లోనే కొంత భాగాన్ని కుదించి స్వాప్‌లా (విండోస్ పేజ్‌ఫైల్‌కి లినక్స్‌లో పేరు) వాడుతుంది కాబట్టి, మెమరీ నిండినా డిస్క్ దాకా పోవాల్సిన అవసరం తగ్గుతుంది. 4 జీబీ మెషీను ఉండి ర్యామ్ కొనలేనివాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. దాంతోపాటు ఎర్లీఊమ్ కూడా వేశా. అందుబాటులో ఉన్న మెమరీ, స్వాప్ రెండూ 10 శాతం కిందికి పడితే, సిస్టమ్ మొత్తం బిగుసుకోకముందే ఎక్కువ తింటున్నదాన్ని మూసేస్తుంది. క్లాసు మధ్యలో ఒక ట్యాబు పోవడం నయం.

శుక్రవారం: మిగిలిన అడ్డంకి ప్రాసెసరే

క్లాసు బాగా నడిచింది కానీ ప్రాసెసరు వాడకం చూపే హెచ్‌టాప్‌లో నాలుగు గీతలూ 95 శాతం దగ్గర ఉన్నాయి. డిస్క్, ర్యామ్, వేడి మూడూ దారిలోకి వచ్చాక ఇప్పుడు నిజంగా ప్రాసెసరు వంతు. దాన్ని మార్చం, పని తగ్గిస్తాం.

ఇందులోని హెచ్‌డీ 2000 గ్రాఫిక్స్ హెచ్.264 పద్ధతిలో కుదించిన వీడియోని తనంతట తాను విప్పగలదు. తర్వాత వచ్చిన వీపీ9, ఏవీ1 పద్ధతులు దానికి తెలియవు, ఆ భారమంతా సీపీయూ మీద పడుతుంది. యూట్యూబ్ వీలైతే వీపీ9 పంపిస్తుంది. హెచ్.264 మాత్రమే అడిగేలా చేసే ఎక్స్‌టెన్షన్ ఒకటి బ్రౌజరుకి తగిలించా, పద్యాల వీడియోలు చూపించేటప్పుడు తేడా వెంటనే తెలిసింది.

క్లాసులో అన్నిటికంటే ఎక్కువ తింటున్నది పెద్దమ్మ వెనకనున్న గదిని మసకబరిచే బ్లర్. ప్రతి ఫ్రేములోనూ మనిషి ఎక్కడ, గోడ ఎక్కడ అని లెక్కకట్టాలి కదా. అది తీసేసి వెనక ఒక లేత రంగు దుప్పటి కట్టాం. వచ్చే వీడియో నాణ్యత తగ్గించి, ఒకేసారి తెరమీద కనబడే పిల్లల గడులు ఆరుకి కుదించా. ఎవరు మాట్లాడితే వాళ్లు పైకి వస్తారు. సీపీయూ 95 నుంచి 58కి దిగింది.

ట్యాబుల సంగతి కూడా ఇదే వారంలో తేలింది. పెద్దమ్మకి ప్రతి పాఠానికీ ఒక ట్యాబు తెరిచి ఉంచే అలవాటు. ఫైర్‌ఫాక్స్‌లో అడ్రసు గడిలో అబౌట్ ప్రాసెసెస్ పేజీ తెరిస్తే ఏ ట్యాబు ఎంత మెమరీ, ఎంత సీపీయూ తీసుకుంటోందో వరుసగా కనబడుతుంది. చూపించా. ప్రకటనలతో నిండిన ఒక నిఘంటువు సైటు ఒక్కటే 600 ఎంబీ తీసుకుంటోంది. దాన్ని ఆవిడే మూసేసింది. ఇప్పుడు క్లాసుకి ముందు ఆ పేజీ తనే తెరిచి చూసుకుంటోంది.

ఆదివారం: నడుస్తున్న క్లాసు లెక్క

క్లాసు సాగినంతసేపూ వీఎంస్టాట్ అనే కమాండు మెమరీ లెక్కల్ని పది సెకన్లకోసారి ఒక ఫైలులో రాసేలా పెట్టా, సెన్సర్స్ కమాండుతో వేడి కూడా. స్వాప్ నుంచి వచ్చినది, స్వాప్‌లోకి వెళ్లినది చూపే ఎస్‌ఐ, ఎస్‌ఓ వరుసలు మొదటి నుంచి చివరిదాకా సున్నాలే. అవైలబుల్ మెమరీ 4 జీబీ కిందికి దిగలేదు. వేడి గరిష్ఠంగా 68. 4.20 కెర్నెల్ నుంచి వచ్చిన ప్రెజర్ లెక్క కూడా చూశా. మెమరీ కోసం ప్రోగ్రాములు ఆగిన సమయం ఎంత శాతమో చెబుతుందది, అక్కడా సున్నా.

"ఇంకొంచెం ర్యామ్ వేయిస్తే ఇంకా బావుంటుందేమో" అంది పెద్దమ్మ. ఈ బోర్డు 16 జీబీ దాకా తీసుకుంటుంది, వేయొచ్చు. కానీ ఈ లెక్కల ప్రకారం ఉన్నదాంట్లోనే సగం మిగిలిపోతోంది, కాబట్టి వేయడం లేదు. ఆ డబ్బుతో మంచి మైకున్న హెడ్‌సెట్ కొంటున్నాం. శకట రేఫకీ (ఱ) మామూలు రకీ తేడా పిల్లలకి స్పష్టంగా వినబడాలని ఆవిడ కోరిక. పాత డిస్కులో రాని ఆ ఒక్క ఆడియో పద్యాన్ని కూడా అది వచ్చాకే మళ్లీ రికార్డు చేస్తుందట.